తాబేలు క్షేమం, వానల్లేవు

అక్టోబరు 9 దగ్గర పడితే అనుబంధాల సంపాదకులకు తపాలా గుర్తొస్తుంది. 1874లో ఆ రోజున స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాలు కూర్చుని తపాలా ఒప్పందం చేసుకున్నాయి. అందుకే అది ప్రపంచ తపాలా దినం. ఏటా ఆ వారం ఒక ఎర్ర డబ్బా ఫొటో, సైకిలు మీద పోస్ట్‌మ్యాన్ ఫొటో, కింద ఒక నిట్టూర్పు అచ్చవుతాయి. నిట్టూర్చడం అందరికీ వచ్చిన పనే కనుక, ఈసారి ఆ ఉత్తరాల్లో ఏముండేదో చూద్దాం. ప్రేమలూ కుట్రలూ మోసిన ఉత్తరాలకు చరిత్రలో ఎప్పుడో చోటు దొరికింది. నా మోజు వేరే వాటి మీద. పిల్లలెలా ఉన్నారు, వానలు పడ్డాయా, పంట ఇంటికొచ్చిందా, మీ పిల్లి ఈనిందా అని అడిగే ఉత్తరాల మీద.

అవి కొత్తవేమీ కావు. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట అస్సూరు వర్తకులు ఇప్పటి టర్కీలోని కనేష్‌లో మకాం పెట్టి తగరం, బట్టల వ్యాపారం చేశారు. వాళ్లవి ఇరవై వేలకు పైగా మట్టి పలకలు దొరికాయి. అన్నీ లెక్కలే అనుకుంటాం గానీ, ఇంటి ఖర్చుకు డబ్బు పంపలేదని భార్యలు సణిగిన పలకలు కూడా వాటిలో ఉన్నాయి. రోములో సిసిరో తన నేస్తం అట్టికస్‌కు రాసిన ఉత్తరాలు నాలుగు వందలకు పైగా మిగిలాయి. రాయడానికేమీ లేదంటూనే రాసేవాడాయన. అట్టికస్ జవాబులు ఒక్కటీ దక్కలేదు. క్రీ.శ. 100 ప్రాంతంలో బ్రిటన్ ఉత్తరపు సరిహద్దు కోట విందొలాండాకు ఒక పల్చటి చెక్క రేకు వచ్చింది. క్లౌడియా సెవెరా అనే సైనికాధికారి భార్య తన నేస్తం లెపిడినాను పుట్టినరోజుకు రమ్మని పిలుస్తూ, తన భర్త, చిన్న కొడుకు కూడా అడిగినట్టు చెప్పమన్నారని చేర్చింది. సామ్రాజ్యం కొసన ఈదురుగాలిలో ఉన్నా అడగాల్సినవి అడక్క మానలేదు.

అక్కడి నుంచి పదహారు శతాబ్దాలు ఒక్క అంగలో దాటేద్దాం. మన వైపు దండిగా శాసనాలున్నాయి కదా అంటారేమో. రాళ్ల మీద రాజులు భూదానాలు చెక్కించారు గానీ, చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందనీ ఎద్దు కుంటుతోందనీ ఎవరు చెక్కిస్తారు? ఆ కబుర్లు తాటాకులకెక్కినా చెదల పాలై ఉంటాయి.

అంగ వేసి దిగేది ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో, సెల్బోర్న్ అనే పల్లెలో. 1720 జులై 18న అక్కడ పుట్టిన గిల్బర్ట్ వైట్ చర్చిలో చిన్న పాదిరి. పెళ్లి చేసుకోలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పిల్లలు అరవై మంది దాటారు. పుట్టిన ప్రతి బిడ్డనూ డైరీలో వానతో, దోసపాదులతో పాటు నమోదు చేసేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదువుకున్న జాన్ ముల్సో ఆయనకు ప్రాణస్నేహితుడు, ఆయనా పాదిరే. ముల్సో 1744 నుంచి 1790 వరకు వైట్‌కు రాసిన ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి, 1907లో అచ్చయ్యాయి. వైట్ ఆయనకు రాసినవి మాత్రం నాశనమైపోయాయి. దాంతో వీళ్ల స్నేహం మనకు బస్సులో పక్క సీటాయన ఫోను మాట్లాడుతుంటే విన్నట్టే ఉంటుంది. ముల్సో తన ఒంట్లో నలతలు ఏకరువు పెడతాడు, ఇంటిల్లిపాది సంగతులూ చెబుతాడు. బండెక్కితే తల తిరిగే వైట్‌ను ఆట పట్టిస్తాడు. తమ ఊరి ప్రకృతి మీద వైట్ రాస్తున్న పుస్తకం ఎప్పుడు పూర్తి చేస్తావని ఏళ్ల తరబడి పోరు పెడతాడు. అది వస్తే నీ పేరే కాదు, మీ ఊరి పేరు కూడా నిలిచిపోతుందని 1776లోనే రాశాడు. ఒంట్లో బాగోలేదని అంతలా వాపోయే మనిషి జోస్యంలో ఇంత గట్టివాడని ఎవరనుకుంటారు!

పుస్తకం 1789లో వచ్చింది. అదీ ఇద్దరు ప్రకృతి పరిశీలకులకు రాసిన ఉత్తరాల రూపంలోనే. థామస్ పెనెంట్‌కు 44, డెయిన్స్ బారింగ్టన్‌కు 66. పెనెంట్ పేరిట ఉన్న మొదటి కొన్ని తపాలాకు వెళ్లనే లేదు, పుస్తకం కోసం తర్వాత రాసి చేర్చాడు. సెప్టెంబరులో ఆడవాళ్లంతా హాప్స్ తోటలకు వెళతారని రాస్తాడు. బీరుకు చేదు తెచ్చే పువ్వు కాసే తీగ అది. అదే నెల చివర్లో పిచ్చుకల్లాంటి వానకోవెలలు గుంపులు కట్టి మాయమవుతాయి. అవి వేరే దేశం పోతున్నాయా, ఇక్కడే ఏ కలుగులోనో నిద్రపోతున్నాయా అన్న అనుమానం ఆయన్ను ముసలితనం దాకా వదల్లేదు. ఆ అనుమానానికి కొంత కారణం ఇంట్లోనే ఉంది. దాని పేరు తిమోతి.

తిమోతి తాబేలు. ససెక్స్‌లోని రింగ్మర్‌లో మేనత్త రెబెకా స్నూక్ దాన్ని దాదాపు నలభై ఏళ్లు సాకింది. నవంబరులో నేల తవ్వుకుని దూరితే ఏప్రిల్ దాకా బయటికి రాదు. ఇతరులు పిలిస్తే పట్టించుకోదు, మేత వేసే ముసలమ్మ గొంతు వింటే మాత్రం ఈడ్చుకుంటూ వస్తుంది. వర్షమంటే మహా భయం. పొద్దున్నే కాళ్లు నిగిడించి ఆబగా మేసిందంటే సాయంత్రానికి వాన ఖాయమని వైట్ లెక్క గట్టాడు. బండెడు బరువెక్కినా పగలని డిప్ప మోస్తూ చినుకుకు జడుస్తుందేమిటని ముచ్చటపడ్డాడు.

1780 మార్చిలో అత్త పోయాక తాబేలు వారసత్వంగా దక్కింది. నిద్రలో ఉన్నదాన్ని తవ్వి తీశారు. కోపంతో బుస కొట్టింది. మట్టి నింపిన పెట్టెలో పెట్టి గుర్రపు బగ్గీల మీద ఎనభై మైళ్లు తెచ్చారు. కుదుపులకు పూర్తిగా మెలకువ వచ్చేసింది. సెల్బోర్న్ తోటలో వదిలితే రెండుసార్లు ఆ చివరి దాకా నడిచి చూసి, సాయంత్రం చలి వేయగానే మళ్లీ మట్టిలో దూరింది. కొత్త ఇల్లు నచ్చిందో లేదో ఆపైన నెలకు గానీ తెలియదు మరి.

వైట్ దాన్ని తూకం వేశాడు. బాకా పెట్టి దాని ముందు అరిచాడు, నీళ్ల తొట్టెలో వేసి ఈదుతుందేమో చూశాడు. ఈ హింసల్లో కొన్ని మనకు తెలిసింది స్వయంగా తిమోతి వల్లే. 1784 వేసవిలో ముల్సో కూతురు హెకీ సెల్బోర్న్‌కు చుట్టపుచూపుగా వచ్చింది. ఆగస్టు 31న ఆమెకు తిమోతి పేరిట ఒక జాబు వెళ్లింది. అరవై నాలుగేళ్ల పాదిరి తాబేలై తన యజమాని మీద ఫిర్యాదు రాసుకున్నాడన్నమాట! ఆ ఏడాదే తిమోతి తోట తలుపు తెరిచి ఉండగా బయటపడి కొన్నాళ్లు కనిపించలేదు. మగవాడు కదా, జోడు కోసం వెతుక్కుంటూ పోయి ఉంటాడని వైట్ తీర్మానించాడు. 1793 జూన్‌లో ఆయన, మరుసటేడు తిమోతి పోయారు. డిప్ప ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. దాన్ని పరీక్షిస్తే తేలిందేమిటంటే తిమోతి ఆడది.

తాబేలు కబుర్ల వెంబడే వాతావరణం నడిచింది. 1783 జూన్ 23 నుంచి జులై 20 దాకా వింత మసక కమ్మిందని వైట్ రాశాడు. నడి మధ్యాహ్నం సూర్యుడు కళ తప్పాడు, కోసిన మాంసం మర్నాటికి నిలవలేదు, ఈగల బాధకు గుర్రాలు వెర్రెత్తాయి. జూన్ 8న ఐస్‌లాండులో లాకి అగ్నిపర్వతం బద్దలైందనీ ఆ గంధకపు పొగే ఈ మసక అనీ ఇప్పుడు మనకు తెలుసు. శాస్త్రజ్ఞులు ఈ డైరీ తేదీలనే సాక్ష్యంగా తిరగేస్తున్నారు. మరుసటేడు డిసెంబరులో చలి ముదిరితే లోయలో ఉన్న తన ఇల్లు, రెండు వందల అడుగులకు పైగా ఎత్తున ఉన్న పొరుగూరి కన్నా 18 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లగా ఉందని కనుక్కున్నాడు. నమ్మకం కుదరక తన థర్మామీటర్‌ను పొరుగూరికి పంపి, అక్కడి దానితో పోల్పించాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. చల్లటి గాలి బరువెక్కి పల్లానికి దిగుతుందన్న సంగతి ఇరుగుపొరుగు పందెంలో రుజువైంది.

ఆ తర్వాత చరిత్ర తొందరపడుతుంది, నేనూ తొందరపడక తప్పదు. వైట్ కాలంలో ఉత్తరం అందుకున్నవాడే దూరాన్ని బట్టి డబ్బు కట్టాలి. 1840లో పెన్నీ బిళ్ల వచ్చి ఆ బాధ తీరింది. 1869లో ఆస్ట్రియా-హంగరీ కార్డు ముక్క కనిపెట్టింది. 1879లో కాణీ ధరకు అది మన దేశానికి వచ్చింది. అప్పుడు గానీ మన రైతు ఇంటి కబుర్లు తపాలా సంచి ఎక్కలేదు. ఉభయకుశలోపరి తర్వాత అరచేతంత జాగాలో గేదె చూడి, మినుము ధర, పొట్ట మీదున్న వరి, తుపాను భయం, చివర అంచు వెంబడి తిప్పి రాసిన పిల్లల నమస్కారాలు. 1950లో ఇన్‌లాండ్ కవరు వచ్చి మడతలు పెంచింది.

వైట్‌కు తెలుగు జోడీ ఎవరంటే గుంటూరు జిల్లా తుమ్మపూడి సంజీవదేవ్ పేరు చెబుతాను. 1914లో పుట్టి 1999లో పోయిన ఆయన, హిమాలయాల్లో చిత్రకారులు రోరిక్‌ల ఇంట ఉండొచ్చి కూడా తుమ్మపూడి నుంచే లోకమంతటికీ లేఖలు రాశారు. తాబేలు ఉన్న దాఖలా లేదు, అంతే లోటు.

ఇక్కడి నుంచి దారి చెల్లాచెదురు. డెన్మార్క్ తపాలా సంస్థ 2025 డిసెంబరు 30తో ఉత్తరాల బట్వాడా మానేసింది. మన రిజిస్టర్డ్ పోస్టు అదే ఏడాది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కార్డు మాత్రం 50 పైసలకే దొరుకుతోంది. కబుర్లు వాట్సాప్‌కు మారాయి. డిగ్రీలో కలిసి చదివిన మా బృందంలో డాలస్ వాడు ఎర్రబడిన మేపుల్ ఆకులు పెడితే, బాపట్ల వాడు వాయుగుండం మ్యాపు పెడతాడు, తెనాలి వాడు ఏమీ పెట్టక నీలి టిక్కులు మాత్రం వదులుతాడు. మొన్న బాపట్ల వాడి గేదె పెయ్యను వేసింది. పేరు సూచించమన్నాడు. పనిలో పనిగా తిమోతి అన్నాను. ఆడదానికి ఆ పేరేమిట్రా అని డాలస్ నుంచి అప్పటికప్పుడు వాయిస్ మెసేజ్ వచ్చింది.