చీనాదేశమున నిరాడంబర భోజన ధర్మము

పల్లెటూరివారు దారిలో ఎదురుపడినప్పుడు "భోజనమైనదా?" అని పలుకరించుకొనుట తెలుగునాట ఎంత సహజమో చీనాదేశమునను అంత సహజము. అచ్చటి భాషలో భోజనము చేయుట అను మాటకు అక్షరార్థము అన్నము తినుట. అన్నమును వారు 'ఫాన్' అందురు. దానితో కలిపి తినెడి సమస్త పదార్థములకును 'త్సాయ్' అని పేరు. ఈ త్సాయ్ అను పదమునకు మొదటి అర్థము ఆకుకూర. తెలుగున 'కూర' అను మాట తోటలోని ఆకునకును, పొయ్యిమీద వండిన దానికిని చెల్లుచున్నట్లే ఆ పదమును రెండింటికిని చెల్లుచున్నది. ఫాన్ ప్రధానము, త్సాయ్ దానికి తోడు మాత్రమే.

ఉత్తరమున పసుపునది తీరమున కొఱ్ఱలు, వరిగలు. దక్షిణమున యాంగ్‌త్సీ నదీతీరమున వరి. వేల సంవత్సరములుగా చీనా రైతు వీనిమీదనే బ్రతికెను. మాంసము పండుగలకును, పితృదేవతల పూజలకును కనబడెడి వస్తువు. కాబట్టి సాదా తిండి తినుమని రైతునకు ఏ ఋషియు ఉపదేశింప పనిలేదు. అది వానికి ధర్మము కాదు, గత్యంతరము లేనితనము. చీనా తత్త్వవేత్తలు నిరాడంబర భోజనమును గూర్చి చెప్పిన మాటలన్నియు విస్తరి నిండుగా ఉన్నవారిని ఉద్దేశించి చెప్పినవి. ఈ సంగతి మఱచి ఆ మాటలను చదివినచో అవి పేదవానికి ఆకలిని సహింపుమని చెప్పెడి నీతులుగా కానవచ్చును.

ఆ దేశపు ప్రాచీన చరిత్రలో అధికారులకు 'మాంసము తినువారు' అని ఒక పేరు కలదు. క్రీ.పూ. 684లో ఛీ రాజ్యము లూ రాజ్యముపై దండెత్తినప్పుడు ఛావ్ క్వెయ్ అను సామాన్యుడు రాజును చూడబోయెను. మాంసము తినువారు ఆలోచింపవలసిన పనిలో నీకేమి జోక్యమని ఇరుగుపొరుగువారు వారించిరి. వారు సంకుచిత బుద్ధులు, దూరపుచూపు లేనివారు అని అతడు బదులు చెప్పి వెళ్లెను. ఛాంగ్‌షావ్ యుద్ధమున అతని సలహావలననే లూ సేన గెలిచినదని చరిత్రకారులు వ్రాసిరి. తిండికిని తెలివికిని ముడిపెట్టి మాటలాడుట ఇంత పాతది.

లూ రాజ్యముననే జన్మించిన కన్‌ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) ముతక అన్నము తిని, నీరు త్రాగి, మోచేతిని తలగడగా చేసికొని పడుకొన్నను ఆనందము కలదనెను. అన్యాయార్జితమైన ఐశ్వర్యము ఆయనకు తేలిపోవు మబ్బువంటిది. ఆయన శిష్యులలో యెన్ హుయి కటిక పేద. వెదురుబుట్టలో ఇంత అన్నము, సొరబుఱ్ఱలో ఇన్ని నీళ్లు, ఇరుకు సందులో ఇల్లు. అందులోను అతని సంతోషము చెదరలేదని గురువు మెచ్చుకొనెను. అంతమాత్రమున కన్‌ఫ్యూషియస్‌ను సన్న్యాసి యనుకొనరాదు. బాగుగా దంచిన బియ్యమును, సన్నగా తఱిగిన మాంసమును ఆయన ఇష్టపడెను. చెడినది ముట్టడు, వేళకాని వేళ తినడు, అల్లము లేనిదే భోజనమునకు కూర్చుండడు. మాంసమెంత యున్నను అది అన్నమును మించనీయడు. రుచి తెలిసినవాడు హద్దు తెలిసికొనుటే ఆయన మార్గము.

ఆయన తరువాత వచ్చిన మోట్సు ఇంతకంటె కఠినుడు. ఆకలి తీరి, కాలుసేతులు గట్టిపడునంత తిండి చాలును, దూరదేశముల అపూర్వ పదార్థములు తెప్పించుట ప్రజాధనమును తగులబెట్టుటయే అని అతని వాదము. లావోట్సు పేర వెలసిన గ్రంథము అతిరుచులు నాలుకను మొద్దుబార్చునని హెచ్చరించెను. ఉప్పుకారములు తగ్గిన చప్పదనమునకు చీనాభాషలో 'తాన్' అని పేరు. ఆ అక్షరమును నీటి గుర్తు ప్రక్కన రెండు అగ్నిగుర్తులు పెట్టి వ్రాయుదురు. తెలుగువారికి చప్పిడి యన్నచో రోగిపథ్యము స్ఫురించును. చీనా పండితునకు తాన్ అన్నచో నిర్మలమైన మనస్సు స్ఫురించును. ఆవకాయ దేశమువారికి ఇది కొంత వింతగా తోచుట సహజమే.

అసలు విషయమునకు ప్రాణము పోసినవాడు మెన్షియస్. రాజుల యెదుట నిలిచి నిర్భయముగా మాటలాడిన మేధావి యాతడు. రాజు వంటశాలలో క్రొవ్విన మాంసమును, శాలలో బలిసిన గుఱ్ఱములును ఉండి, ప్రజల ముఖములలో ఆకలియు, ఊరిబయట శవములును ఉన్నయెడల, ఆ రాజు మృగములను తోలితెచ్చి మనుష్యులను తినిపించుచున్నట్లే యని అతడు లియాంగ్ రాజు ముఖముననే చెప్పెను. ఆకలిగొన్న ముఖపు వర్ణమునకు చీనాభాషలో 'త్సాయ్ సె' అని ప్రత్యేకమైన మాట కలదు. అనగా ఆకుకూర రంగు. ధాన్యము దొరకక ఆకులలములు మాత్రమే తిని పాలిపోయిన ముఖమని అర్థము. ఆ దేశపు ఆచారగ్రంథమున ఈ విషయమై ఒక లెక్క యున్నది. మూడేండ్లు సేద్యము చేసినచో ఒక యేటి ధాన్యము మిగులవలెను. ముప్పదియేండ్లకు తొమ్మిదేండ్ల ధాన్యము నిలువ యుండవలెను. అనావృష్టి వచ్చినను, వఱద వచ్చినను ప్రజల ముఖమున ఆకుకూర రంగు కానరాకుండ చేసిన పిమ్మటనే చక్రవర్తి సంగీతముతో భోజనము చేయవచ్చును! పంట పోయిన యేట రాజు భోజనమునకై పశువును కోయరాదు, గుఱ్ఱములకు ధాన్యము పెట్టరాదు. రాజు పళ్లెరము ప్రజల గాదెకు కట్టబడి యుండవలెనని ఈ నియమముల భావము.

ఈ భావమును సగము పాటించి సగము విడిచిన చక్రవర్తి కథ యొకటి కలదు. క్రీ.శ. 502 మొదలు 549 వఱకు దక్షిణ చీనాను ఏలిన లియాంగ్ వంశపు వూ చక్రవర్తి పరమ బౌద్ధుడు. దినమునకు ఒక్క పూట భోజనము. అదియు పప్పుచారు, ముతక అన్నము. ఒక టోపీని మూడేండ్లు, ఒక దుప్పటిని రెండేండ్లు వాడెడివాడు. బౌద్ధ వినయము కొన్ని షరతులతో భిక్షువులకు మాంసమును అనుమతించినను, ఈతడు ఆరామములలో మద్యమాంసములను నిషేధించెను. చీనా భిక్షువులు నేటికిని శాకాహారులై యుండుటకు ఈ చక్రవర్తి శాసనము ముఖ్యకారణము. 517లో పితృదేవతల ఆలయమున పశుబలిని మాన్పించి పిండితో చేసిన రూపములను నివేదింప జేసెను. ఇంతటి వానికి 545లో హో ఛెన్ అను మంత్రి ఒక విన్నపము సమర్పించెను. అధికారుల విందులలో పండ్లు గుట్టలుగా పోయబడుచున్నవి, ఒక్క విందునకే సంపద హరించుచున్నది, ఆ భారము ప్రజలమీద పడుచున్నది అని దాని సారాంశము. చక్రవర్తి మండిపడెను. తాను కూరగాయలే తినుచుంటినని, తనను ఆడంబరుడనుట ఎట్లని సుదీర్ఘముగా ప్రత్యుత్తరము వ్రాయించెను. విన్నపములోని మాట ఆయన పళ్లెరమును గూర్చి కాదు, ఆయన అధికారుల పళ్లెరములను గూర్చి యని ఆయనకు తోచలేదు. నాలుగేండ్లలో హౌ చింగ్ అను సేనాని తిరుగబడి రాజధానిని ముట్టడించి పట్టుకొనెను. ముట్టడిలో కూరగాయలు సైతము కరవై, చిరకాలముగా శాకమే తిన్న ఆ వృద్ధుడు కోడిగ్రుడ్లు తినవలసివచ్చెను. కుమారుడు పంపిన గ్రుడ్లను తన చేతులతో ఏఱుచు వెక్కివెక్కి యేడ్చెనని చరిత్ర చెప్పుచున్నది. అటుపిమ్మట శత్రువు చేతిలో చిక్కి, ఆహారము తగ్గింపబడి మరణించెను. తన ఒక్కని మితాహారము రాజ్యమును రక్షింపలేదు.

భిక్షువుల శాకాహార నియమము మాత్రము నిలిచినది. 629లో భారతదేశమునకు బయలుదేరిన హ్యూయన్‌త్సాంగ్ దారిలో కూచా రాజు విందున పెట్టిన మాంసమును, అది వినయము అనుమతించినదే యైనను, మహాయానమునకు తగదని నిరాకరించెను. ఆ యాత్రికుడే తరువాత ఆంధ్రదేశమున ధాన్యకటకమునకు వచ్చి పండితులకడ చదివికొనెను. 814లో మరణించిన పైచాంగ్ అను ధ్యాన గురువు మఱియొక మెట్టు పైకి పోయెను. ముసలితనమున ఆయన పొలముపని మాన్పింపవలెనని శిష్యులు పనిముట్లు దాచిరట. పని చేయని దినమున ఆయన అన్నము ముట్టలేదు. భిక్షాన్నమే ధర్మమైన మతమున స్వహస్తకృషి చేరుట చీనా నేల మహిమ యనవచ్చును.

గృహస్థులలో ఈ ధర్మమును నవ్వుచు ఆచరించినవాడు మహాకవి సూ తుంగ్‌పో (1037–1101). కవితలలో ప్రభుత్వమును నిందించెనను నేరముపై చెఱసాల పాలై, 1080లో హువాంగ్‌చౌ అను చిన్న పట్టణమునకు పంపివేయబడెను. జీతము లేదు, సంసారము పెద్దది. ప్రతి నెల మొదటి దినమున 4,500 నాణెములు తీసి ముప్పది భాగములుగా కట్టి ఇంటి దూలమునకు వ్రేలాడగట్టెడివాడు. ప్రొద్దుననే ఒక కట్టను పంగలకఱ్ఱతో దింపి, కఱ్ఱను దాచివేయును. ఆ 150 నాణెములతోనే దినము గడువవలెను. మిగిలినది వెదురుగొట్టములో వేసి అతిథులకై ఉంచును. మరుసటి యేడు పాడుపడిన సైనికభూమిని దున్ని పంట వేసెను. ఆ భూమియున్న తూర్పువాలును బట్టియే ఆయనకు తుంగ్‌పో అను పేరు నిలిచినది. 1083లో పూటకు ఒక పాత్ర మద్యము, ఒక మాంసపు వంటకము మించరాదని తనకు తానే నియమము వ్రాసికొని, విందునకు పిలుచువారికి ముందుగానే తెలిపెను. దీనివలన అదృష్టమును, జీర్ణశక్తియు, ధనమును మూడును నిలుచునని ఆయన లెక్క. క్యాబేజీవంటి ఆకులు, ముల్లంగి వేసి, మసాలా లేక కాచిన ఆయన కూరచారు ప్రసిద్ధము. ఆ ఊర పందిమాంసము చవుకగా ఉండుటచే దానిని సన్నసెగపై ఉడికించి తినుటయు ఆయనకు ఇష్టమే. పస్తును గొప్పగా చెప్పుకొనువాడు కాడు.

ఆయన అనుయాయి హువాంగ్ తింగ్‌జియాన్ (1045–1105) బౌద్ధారామములలోని భోజనకాల స్మరణమును గృహస్థులైన పండితులకు అనువుగా మార్చి వ్రాసెను. ఈ అన్నము పళ్లెరమునకు వచ్చుటకు ఎందరి శ్రమ కారణము, దీనికి తాను తగినవాడా, ఆశ తనను లాగుచున్నదా, ఇది దేహమునకు మందువంటిదే కదా, ఏ మంచి పనికై తినుచున్నాడు అని ముద్ద యెత్తుటకు ముందు తలచుకొనవలెను. ఇందు మొదటి ప్రశ్న రైతును గూర్చినదగుట గమనింపదగినది.

సోయా గింజలను నానబెట్టి రుబ్బి, పాలు తీసి, విఱిచి చేసెడి 'తోఫు' ఈ ధర్మమునకు గుర్తుగా నిలిచిన పదార్థము. దాని పేరు మొట్టమొదట కానవచ్చునది పదవ శతాబ్దమున తావ్ కూ వ్రాసిన పుస్తకమున. ఛింగ్‌యాంగ్ అను ఊర షీ చీ అను చిన్న అధికారి లంచము ముట్టక, మాంసము కొన శక్తి లేక, రోజును కొన్ని తోఫు ముక్కలు కొనుచుండెను. ఊరివారు తోఫునకు 'చిన్న మేకపోతు' అని పేరు పెట్టిరి. ఆ వేళాకోళములో ఎంత గౌరవము దాగియున్నదో చెప్పనక్కఱలేదు. భోజనప్రియుడని పేరుపొందిన యువాన్ మేయ్ సైతము 1792 నాటి తన వంటల గ్రంథమున, బాగుగా వండిన తోఫు ఖరీదైన పిట్టగూటి చారుకంటె మేలని వ్రాసి, పేరుకొఱకు తినువారిని చెవులతో తినువారని ఎగతాళి చేసెను.

మింగ్ వంశ స్థాపకుని కుమారుడు జూ సూ కైఫెంగ్ నగరమున కఱవుకాలమున పనికివచ్చు మొక్కలను తన తోటలో పెంచి, చిత్రకారులచే గీయించి, 1406లో గ్రంథము వెలువరించెను. అందు 414 మొక్కలు కలవు. ఏ భాగము తినవచ్చును, చేదును, విషమును ఎట్లు పోగొట్టవలెను అని వివరము. పండితులు పుణ్యమని నమలెడి కూరవేళ్లు పేదవానికి ప్రాణము నిలుపునవి యని ఎఱిగిన రాజకుమారుడు.

ఇరువదవ శతాబ్దమున ఈ చరిత్ర తలక్రిందులైనది. 1958లో పల్లెలలో ఉమ్మడి వంటశాలలు వెలసినవి. ఇంటి పొయ్యిలు ఆరిపోయినవి. ఇనుప పాత్రలు కొలుములలో కరగినవి. మొదట కడుపునిండ పెట్టిరి. పంటను గూర్చి పై యధికారులకు అబద్ధపు లెక్కలు పోయినవి; ఆ లెక్కల ప్రకారము ధాన్యము పట్టణములకు తరలిపోయెను. 1959 మొదలు 1961 వఱకు వచ్చిన కఱవున మరణించినవారు కోటిన్నర మొదలు నాలుగున్నర కోట్ల వఱకు ఉందురని పరిశోధకుల అంచనాలు. చెట్ల బెరడు, ఆకులు తిని ప్రజలు ముఖములు వాచి కూలిపోయిరి. పాత గ్రంథములలోని ఆకుకూర రంగు మరల కనబడెను. అన్నము లేని వానికి విధింపబడిన మితాహారమది. మెన్షియస్ నిలదీసినట్లు నిలదీయుటకు ఆనాడు అవకాశము లేకపోయెను.

ఇప్పుడు చీనాలో అన్నము విస్తారము. సమస్య మిగిలిన ఎంగిలి. 2021 ఏప్రిల్ 29వ తేదీన ఆహారము వృథాచేయుటను నిషేధించు చట్టము అమలులోనికి వచ్చెను. పళ్లెరమున మిక్కిలిగా విడిచిపెట్టువారినుండి హోటలువారు రుసుము వసూలు చేయవచ్చును. అమితముగా తినుటను వేడుకగా చూపు ప్రసారములు చేసినవారికి లక్ష యువానుల వఱకు జరిమానా. ఆ చట్టము వచ్చునాటికి కఱవు ముగిసి అరువదేండ్లు.