ఓల్డ్ ఏజ్ హోమ్‌లో అమ్మానాన్న కిందపడితే.. మీకు ఎప్పుడు చెప్పాలి? చట్టంలో ఏముందంటే..

కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి.. ఈ ఐటీ ఏరియాల్లో ఉద్యోగం చేసి, ఆ తర్వాత అమెరికా వెళ్లి సెటిలైన వాళ్లు చాలామందే. వీళ్లలో కొందరి తల్లిదండ్రులు ఇక్కడే ఓల్డ్ ఏజ్ హోమ్‌లలో ఉంటున్నారు. మరి అక్కడ నాన్న బాత్రూంలో జారిపడితే ఆ విషయం పిల్లలకు ఎంతసేపట్లో చెప్పాలి? తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లో దీనికి టైమ్ లిమిట్ ఏదీ లేదు. అందుకే అడ్మిషన్ రోజే ఈ విషయం రాయించుకోవాలి.

వెంటనే ఎందుకు తెలియాలి?

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావమయ్యే ముప్పు ఎక్కువ. పైకి గాయం కనిపించకపోవచ్చు, లక్షణాలు గంటల తర్వాత బయటపడొచ్చు. ఏ మందులు వాడుతున్నారో, గతంలో ఏ ఆపరేషన్లు అయ్యాయో ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌పై త్వరగా నిర్ణయం తీసుకోవాలి. అలాంటప్పుడు "పొద్దున చెబుదాంలే" అనుకుంటే విలువైన టైమ్ పోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

2007 చట్టం ప్రకారం పిల్లల నుంచి పోషణ ఖర్చు అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. వృద్ధులను వదిలేస్తే 3 నెలల వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. గాయమైతే కుటుంబానికి చెప్పాలన్న నిబంధన మాత్రం అందులో లేదు. ప్రైవేట్ హోమ్‌ల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల కోసం కేంద్రం 2019లో సవరణ బిల్లు తెచ్చింది. అది చట్టంగా మారలేదు.

అమెరికాలో మెడికేర్, మెడికెయిడ్ నిధులు తీసుకునే నర్సింగ్ హోమ్‌లకు రూల్ స్పష్టంగా ఉంది. డాక్టర్ అవసరం పడేలా గాయమైతే వెంటనే డాక్టర్‌ను సంప్రదించాలి, కుటుంబ ప్రతినిధికి చెప్పాలి.

బయటివాళ్ల కన్ను లేకపోతే పరిస్థితి ఎక్కడిదాకా వెళ్తుందో 2020 జనవరిలో మేడ్చల్ జిల్లా నాగారంలో చూశాం. అక్కడి ఓ హోమ్ నుంచి పోలీసులు 73 మందిని బయటకు తెచ్చారు. వారిలో కొందరిని గొలుసులతో కట్టేసినట్టు బయటపడింది.

అగ్రిమెంట్‌లో ఇవి రాయించండి

* గాయమైతే ఎన్ని నిమిషాల్లో ఫోన్ చేయాలి, ఎవరు చేయాలి.
* హైదరాబాద్‌లో ఉండే ఒకరి నంబర్, విదేశంలో ఉన్నవారి నంబర్. ఇక్కడ అర్ధరాత్రి దాటి 2 గంటలైతే డల్లాస్‌లో ముందురోజు మధ్యాహ్నమే. కాబట్టి "రాత్రి కదా అని చేయలేదు" అనే మాట చెల్లదు.
* ఫోన్ కలవకపోయినా ట్రీట్‌మెంట్ ఆగకూడదు. ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో ముందే రాయాలి.
* 24 గంటల్లో రాతపూర్వక రిపోర్ట్. ఎప్పుడు పడ్డారు, ఎవరు చూశారు, ఏం చేశారు అన్నీ ఉండాలి.

దాచిపెడితే ఏం చేయాలి?

ముందు పెద్దవాళ్లకు డాక్టర్ పరీక్ష చేయించండి. గాయాల ఫొటోలు తీసుకోండి, సీసీటీవీ ఫుటేజీ భద్రపరచాలని హోమ్‌కు రాతపూర్వకంగా అడగండి. సలహా, సాయం కోసం ఎల్డర్‌లైన్ 14567కి కాల్ చేయొచ్చు. ఎమర్జెన్సీ అయితే 108, దాడి జరిగిందన్న అనుమానం ఉంటే 112. ఫీజు కట్టి తీసుకున్న సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం.. అడ్మిషన్ రోజు రాయించుకున్న ఆ అగ్రిమెంటే.