విక్రయపు పన్ను చరిత్రము – ఒంటి వర్తకుని లెక్క



మన సంఘ వార్షిక సంచికలయందు పూర్వులను గూర్చియు, దేవాలయములను గూర్చియు వ్రాయు వాడుక గలదు. ఈ యేడు మేము పన్నును గూర్చి వ్రాయ బూనితిమి. తణుకు బజారున పాలివారు లేక తామే యజమానులై యంగళ్లు నడపుకొనువారు మనలో పెక్కురు గలరు. అట్టివారికి ఈ చరిత్రము వినోదము కాదు, అవసరము.

ప్రాచీనకాలమున సుంకము సరుకు వెంట నడచెడిది. దాని లెక్క వ్రాయు భారము రాజోద్యోగులది. నగర మహాద్వారము చెంత శుల్కశాల యుండవలెననియు, నలుగురైదుగురు సుంకరులచట కూర్చుండి, వర్తకులెవరు, ఎచటివారు, ఎంత సరుకు తెచ్చిరి, ముద్ర యెచట పడినది యని వ్రాసికొనవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. మన దేశమున కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. ఓడలు పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చిన సరుకును పూర్వరాజులు లాగికొనుచుండగా, ఆయన దానిని మాని, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చెను. పన్ను ఎంతయో ముందుగా తెలియుటయే వర్తకునకు సగము అభయము.

ఆంగ్లేయుల కాలమున అంగళ్లపైనను మగ్గములపైనను మొతర్ఫా యను పన్ను ఉండెడిది. దారులయందలి సుంకములు 1844లో మద్రాసు రాజధానియందు తొలగెను. అటు పిమ్మట 1939లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము, మద్యనిషేధమువలన తరిగిన రాబడిని పూరించుటకై, సామాన్య విక్రయపు పన్ను చట్టమును చేసెను. అప్పుడు తణుకు మద్రాసు రాజధానిలోనిదే గదా! ఏటికి 10,000 రూపాయలకు లోబడి అమ్మువారికి పన్ను లేదు. 1957లో ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేక చట్టము వచ్చెను. ఇక్కడనే చరిత్ర మలుపు తిరిగినది. నగరద్వారమున సుంకరి వ్రాసిన లెక్కను ఇప్పుడు వర్తకుడే తన చిట్టా ఆవర్జాలలో వ్రాయవలసి వచ్చెను.

2005వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మన రాష్ట్రమున విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాటు, అమలులోనికి వచ్చెను. ఏటికి 5 లక్షలు దాటి 40 లక్షలవరకు అమ్మువారు నూటికొక రూపాయి టర్నోవరు పన్ను కట్టిన చాలును. 40 లక్షలు దాటినవారు వ్యాటు క్రింద నమోదై, ప్రతినెల లెక్కను మరుసటి నెల 20వ తేదీలోగా దాఖలు చేయవలెను. దీని మర్మము సులభమే. నూటికి 4 వంతున పన్నుగల సరుకును 10,000కు కొన్నవాడు 400 పన్నిచ్చును. దానినే 11,000కు అమ్మి 440 వసూలు చేయును. సర్కారునకు కట్టవలసినది భేదమగు 40 మాత్రమే. కాని కొన్న బిల్లు సరియైనది కానిచో ఆ 400 మినహాయింపు దక్కదు. టర్నోవరు పన్ను చెల్లించువానియొద్ద కొన్నను దక్కదు.

మా తమ్ముడు ఆ కాలమున తణుకులో రంగులు, ఇనుపసామాను అమ్మెడివాడు. అమ్మకములు 40 లక్షలు దాటుటతో వ్యాటులోనికి వచ్చెను. సరుకు సొమ్మును, పన్ను సొమ్మును ఒకే గల్లాపెట్టెలో వేసెడివాడు. కుమార్తె వివాహమునకు ఆ పెట్టెనుండియే బయానాలు ఇచ్చెను. 20వ తేదీ వచ్చుసరికి పెట్టె వట్టిది. పైగా కొన్న బిల్లులు కొన్నింటిపై అమ్మినవాని నమోదు సంఖ్యయే లేదు. మరదలి గాజులు తాకట్టునకు పోయెను. ఆమె మాతో, “బావగారూ, మనది కాని సొమ్ము మన పెట్టెలో ఎందుకుండవలె?” అని యడిగెను. మేము ముప్పది యేండ్లు సంస్కృతము చెప్పిన పంతులమే గాని ఆ ప్రశ్నకు చప్పున బదులు చెప్పలేకపోతిమి.

తరువాత తోచినది. మన ధర్మశాస్త్రములలో దానికి నిక్షేపమని పేరు. పరులు దాచుమని యిచ్చిన ధనమది. కొనుగోలుదారు ఇచ్చిన పన్ను అట్టిదే. ఒంటి వర్తకమునకు మరియొక చిక్కు గలదు. చట్టమునందు అంగడి వేరు, యజమాని వేరు కాదు. అంగడి బాకీ యింటిపై బడును. ఆనాటినుండి మా తమ్ముడు ప్రతి సాయంకాలము పన్ను పాలును వేరొక గుడ్డసంచిలో వేసెను, బిల్లు చూడక సరుకు దింపించుకొనుట మానెను. ఏడాదిలో గాజులు తిరిగివచ్చెను.

2017 జూలై 1న వ్యాటుస్థానమున జి.ఎస్.టి. వచ్చెను. 2022నుండి అమ్మినవాడు తన లెక్కలో చూపిన బిల్లునకే కొన్నవానికి మినహాయింపు దక్కుచున్నది. కాగా మన లెక్క యొకటే చాలదు, ఎదుటివాని లెక్కయు కావలెను.

కావున పోషకులకు మా విన్నపమొకటి. విద్యార్థివేతనములతోపాటు, వేసవి సెలవులలో మన బాలబాలికలకు నెలదినములు లెక్కలు వ్రాయుట నేర్పించు ఏర్పాటు చేయుడు. అందులకు పాఠము చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.