గుమ్మం పోయిన ధర్నా

డిసెంబర్ చివరి వారం వస్తోందంటే నాకు 1810 నాటి కాశీ గుర్తొస్తుంది. ఆ వారం పట్టణం పట్టణమే ధర్నాకు కూర్చుంది. అసలు ధర్నా అంటే ఒక్కడు, మరొకడి గుమ్మం ముందు చేసే పని. బాకీ వసూలు కాని బ్రాహ్మణుడు విషమో కత్తో చేతపట్టుకుని బాకీదారు వాకిట్లో బైఠాయించేవాడు. తను తినడు, లోపలివాళ్లూ ముద్ద ముట్టకూడదు. ప్రాణం పోతే బ్రహ్మహత్యా పాతకం ఇంటివాడికి చుట్టుకుంటుంది. ప్లీడరు ఫీజు లేని వసూలన్నమాట! ఈ ఆచారం ఎంత పాతదన్న చర్చ పండితులకు వదిలేద్దాం. కంపెనీవారు మాత్రం 1795లో కాశీలో దీన్ని నిషేధించారు. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో, దైవాగ్రహం పేరు చెప్పి బెదిరించడానికి ఉదాహరణగా ధర్నానే చూపించారు. శిక్ష ఏడాది దాకా జైలు.

నిషేధించిన పదిహేనేళ్లకే కంపెనీవారికి అదే కాశీలో అసలు ధర్నా ఎదురైంది. ఇళ్ల మీద కొత్తగా పన్ను వేశారు. జనం దుకాణాలు కట్టేసి, ఇళ్లు వదిలి, ఊరి బయట మైదానంలో కూర్చున్నారు. కమ్మరులు ముందు నిలిచారు. సాలెలు, మంగళ్లు, దర్జీలు, బోయీలు పనులు మానేశారు. ఇంటికొక మనిషి రావాలంటూ ‘ధర్మపత్రి’ ఊరూరా తిరిగింది. కర్మకాండ జరిపించేవాళ్లు లేక శవాలను అలాగే గంగలో వదిలేశారని మేజిస్ట్రేటు బర్డ్ కలకత్తాకు రాసుకున్నాడు. రాళ్లు పడలేదు, నిప్పు పెట్టలేదు. ఆయన్ను కలవరపెట్టింది ఆ నెమ్మదే. జనం విసిగి ఇళ్లకు చేరాక సర్కారు గెలిచాననుకుంది, కానీ చివరికి పన్ను ఎత్తేయక తప్పలేదు. ఈ కథను బ్రిటిష్ రికార్డుల్లోంచి తవ్వి తీసి 1971లో పుస్తకంగా వేసిన ధరంపాల్‌కు మనం రుణపడి ఉన్నాం.

ఆ తర్వాత మాట పలచబడింది. మన దగ్గర రాస్తారోకో, రైల్‌రోకో పక్కన అదీ ఒకటైపోయింది. తెలంగాణ ఉద్యమంలో వంటావార్పు వచ్చింది. ఉపవాసం ఉండని రోడ్డు బైఠాయింపును కూడా పత్రికలు ‘నిరశన’ అని అచ్చేస్తూనే ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు, ధర్నాకు గుమ్మం లేకుండా పోవడం. హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ ఉంది. పోలీసు అనుమతి, షామియానా, మైకు ఉంటే చాలు. ఎవరిని అడగడానికి వచ్చారో ఆ మనిషి ఇంట్లో అన్నం మాత్రం ఆగదు. 2017లో ఆ కాస్త చోటులోనూ అనుమతులు ఆపేశారు. మరుసటేడు హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో మళ్లీ దారి తెరుచుకుంది. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోలు కోసం కేంద్రం మీద అక్కడే మహాధర్నాకు కూర్చున్నది, అనుమతులు ఆగిన నాటి ముఖ్యమంత్రి కేసీఆరే.