సవరల రాతికట్లు

కొండవారికి పోడు తప్ప వేరు సేద్యము తెలియదనువారు ఆంధ్ర, ఒడిశాల సరిహద్దున తూర్పు కనుమలలో సవరల వరిమళ్లను చూడవలెను. కొండవాలున మెట్లు మెట్లుగా మళ్లు. మడి మడికీ అంచున రాతికట్టు. సున్నము లేదు, సిమెంటు లేదు. రాయిపై రాయి పేర్చుటయే. వెరియర్ ఎల్విన్ 1955లో సవరలపై వెలువరించిన గ్రంథములో ఈ మళ్ల ప్రసక్తి ఉన్నది.

మట్టి గోడను ఎంత బలముతో త్రోయునో లెక్కగట్టు పద్ధతిని 1776లో ప్రకటించినవాడు ఫ్రాన్సు దేశీయుడు కూలుంబ్ (విద్యుత్తు పాఠములో కనబడు కూలుంబే). గోడ ఎత్తు రెండింతలైనచో త్రోపుడు నాలుగింతలు, గోడను బోర్లద్రోయు భ్రామకము ఎనిమిదింతలు అగును. కనుక తోటలో రెండడుగుల కట్టుకైనను మెత్తని పైమన్ను తీసి, గట్టినేల తగులువరకు త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు పరచి, గోడను కొంచెము వాలువైపునకు ఒరగబెట్టవలెను.

అయినను కట్లను ఎక్కువగా కూల్చునది నీరు. తడిసిన మన్ను బరువెక్కును. వెనుక నిలిచిన నీటి ఒత్తిడి దానికి తోడగును. సిమెంటు గోడకు ఇందుకే తూములు విడుతురు. రాతికట్టుకు సందులే తూములు.

మరి మడిలో నీరు నిలువవలెను గదా! దమ్ముచేసిన అడుసు దానిని పట్టియుంచును. ఊరినది మాత్రము రాళ్ల సందులనుండి క్రింది మడికి జారును.