టీకాలు - ప్రజావిశ్వాసం : ఉక్కునగరపు దారిలో రెండు శతాబ్దాలు

బతుకుతెరువు కోసం వలస వెళ్ళే ప్రజలు తమ భాషను, దేవతలను మాత్రమే కాక, రోగాలను గురించిన తమ భయాలను, నమ్మకాలను కూడా వెంట తీసుకొనిపోతారు. భిలాయి నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా, నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొన్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలుమార్గం ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానంతో అప్పటికే కలిపి ఉంచింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగు కుటుంబాలెన్నో ఈ ఉక్కునగరంలో స్థిరపడ్డాయి. ఆ తొలి తరంవారికి మశూచి రోగం వినికిడి మాట కాదు, కళ్ళారా చూసిన విపత్తు. చేతిమీది టీకా మచ్చ ఆ తరం భారతీయులందరికీ సుపరిచితమైన గుర్తు. ఆ మచ్చ వెనుక విశ్వాసానికీ, భయానికీ మధ్య సాగిన సుదీర్ఘ చరిత్ర ఉన్నది.

అమ్మవారి ఆన

మశూచికం సోకినప్పుడు తెలుగువారు రోగం వచ్చిందనేవారు కాదు, ‘అమ్మవారు పోసింది’ అనేవారు. పోలేరమ్మ, ముత్యాలమ్మ వంటి గ్రామదేవతల కొలువుకు ఈ భయభక్తులే ఆధారం. 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడిన విజయనగరం పైడితల్లి అమ్మవారి గాథలో కూడా మశూచి ప్రస్తావన వినవస్తుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఈ స్థానం శీతలా మాతది. పేరు వేరైనా ఆచారం ఒక్కటే. గుమ్మానికి వేపమండలు కట్టడం, బయటివారిని లోనికి రానీయకపోవడం, ఇంట పోపు వాసన రానీయకపోవడం, రోగిని చల్లగా ఉంచడం వంటివి ఉభయ ప్రాంతాలలోనూ కనిపిస్తాయి. వీటిని కేవలం మూఢాచారాలని కొట్టివేయరాదు. రోగిని ఏకాంతంగా ఉంచడం వలన అంటు కొంతవరకైనా కట్టుబడేది.

రోగాన్ని ముందుగానే స్వల్పంగా కలిగించి పెద్ద ఆపదను తప్పించుకొనే పద్ధతి కూడా ఈ దేశానికి కొత్తది కాదు. జెన్నర్‌కు పూర్వమే బెంగాలులో టీకాదార్లు మశూచి పొక్కులలోని పదార్థాన్ని ఆరోగ్యవంతుల చర్మంలోనికి ఎక్కించేవారు. 1767లో హాల్వెల్ ఈ పద్ధతిని వివరంగా వర్ణించాడు. టీకాదారు ఊరివారెరిగిన మనిషి; అతడు దేవతను ప్రార్థించి, పథ్యం విధించి పని మొదలుపెట్టేవాడు. అయితే ఈ పద్ధతిలో కొందరికి నిజమైన మశూచే ముదిరేది, వారినుండి ఇతరులకు సోకేది. ఆ కారణంగా 1865లో కలకత్తా ప్రాంతంలో దానిని చట్టరీత్యా నిషేధించారు. పద్ధతి పోయినా ‘టీకా’ అనే మాట మాత్రం నిలిచిపోయింది.

సర్కారు సూది

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ కనుగొన్న గోమశూచి టీకా బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయి చేరింది. 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ బాలికకు భారతదేశంలో తొలి టీకా వేశారు. ఆనాడు మందును నిలువచేసే సాధనాలు లేవు. ఒక బిడ్డ చేతిమీది పొక్కునుండి రసం తీసి మరొక బిడ్డకు ఎక్కించేవారు. తమ బిడ్డ పొక్కును చిదిమి రసం తీయడానికి తల్లిదండ్రులు అంగీకరించేవారు కాదు. ఏ కులంవారి బిడ్డ రసమో అన్న శంక మరొక అడ్డంకి. ఎండ వేడికి మందు చెడిపోయి, టీకా వేసినా మశూచి వచ్చిన సందర్భాలు అపనమ్మకాన్ని పెంచాయి. అంతకుమించి, టీకాదారు ఊరి మనిషి కాగా, టీకా వేసే కొత్త ఉద్యోగి సర్కారు మనిషి. 1880 నాటి టీకా చట్టం పురపాలక సంఘాలకు నిర్బంధాధికారం కల్పించిన తరువాత ఈ దూరం మరింత పెరిగింది. 1899లో మద్రాసు సమీపాన గిండీలో నెలకొన్న కింగ్ సంస్థ దూడల నుండి మందు తయారుచేసి రాజధానిలోని జిల్లాలకు పంపసాగింది. దానితో చేతినుండి చేతికి ఎక్కించే అవసరం తప్పింది. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో భాగమే.

ప్రశ్నించినవారందరూ నిరక్షరాస్యులు కారు. స్వాతంత్ర్యానంతరం 1948లో క్షయ నివారణకు బి.సి.జి. టీకాలు ప్రారంభమైన తొలి కేంద్రాలలో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం క్షయ చికిత్సకు ప్రసిద్ధమైనది. 1951లో ఈ కార్యక్రమం దేశవ్యాప్తం కాగా, 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి దానిని బహిరంగంగా వ్యతిరేకించారు. గుణం నిర్ధారణ కాని మందును ఆరోగ్యవంతులైన పిల్లలకు మూకుమ్మడిగా ఎక్కించడం తగదని ఆయన వాదం. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన విస్తృత పరిశీలన ఫలితాలు, పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేకపోయిందని తేల్చాయి. అయితే పసిపిల్లలలో వచ్చే మెదడుపొర క్షయ వంటి తీవ్రరూపాలను బి.సి.జి. అరికడుతుందని ఇతర అధ్యయనాలు నిరూపించాయి. రాజాజీ సందేహం పూర్తిగా నిరాధారమూ కాదు, టీకా నిష్ప్రయోజనమూ కాదు. ప్రశ్నకు పరిశోధనే తగిన సమాధానమని ఈ ఉదంతం చాటింది.

రైలుదారిన వచ్చిన ముప్పు

పారిశ్రామిక నగరాలకూ అంటురోగాలకూ గల సంబంధం 1974లో విస్పష్టమైంది. ఆ ఏడాది దేశంలో 1,88,003 మశూచి కేసులు, 31,262 మరణాలు నమోదయ్యాయి. భిలాయి మీదుగా సాగే హౌరా-బొంబాయి రైలుమార్గంలోనే ఉన్న మరొక ఉక్కునగరం టాటానగర్ నుండి కార్మికుల రాకపోకలతో రోగం అనేక ప్రాంతాలకు పాకింది. ప్రభుత్వ సిబ్బంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ, టాటా సంస్థ కలిసి ఇల్లిల్లూ గాలించి రోగులను కనుగొని, వారి చుట్టూ ఉన్నవారికి టీకాలు వేశారు. రెండు మొనల సూది పనిని సులభతరం చేసింది. అయితే కొన్ని చోట్ల బలప్రయోగం కూడా జరిగింది. సింహభూమ్ జిల్లాలో తన విశ్వాసం కారణంగా టీకా నిరాకరించిన ఒక హో గిరిజన పెద్ద ఇంట్లోకి రాత్రివేళ చొరబడి, కుటుంబమంతటికీ బలవంతంగా టీకాలు వేశారు. పెనుగులాట ముగిసిన పిదప ఆయన తన తోటలోని దోసకాయను కోసి, వచ్చినవారికి అతిథి మర్యాద చేశాడు. ఆ బృందంలోని వైద్యులే తరువాత ఈ సంఘటనను గ్రంథస్థం చేశారు. 1975లో భారతదేశం మశూచి విముక్తమైంది. 1980 మే 8న ప్రపంచమంతటా ఆ రోగం నిర్మూలమైనట్లు ప్రకటించారు. ఆ ఘనవిజయం ప్రక్కనే ఆ దోసకాయను కూడా చరిత్ర గుర్తుంచుకోవలసి ఉన్నది.

సందేహానికి సమాధానం

ఆ తరువాతి దశాబ్దాలలో ఒప్పించే పద్ధతికే ప్రాధాన్యం పెరిగింది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం, 1995లో పల్స్ పోలియో ఆరంభమయ్యాయి. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమైనట్లు ధ్రువీకరణ లభించింది. హైదరాబాదు టీకాల తయారీకి కేంద్రంగా ఎదిగింది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిస్-బి టీకాను చౌకగా అందించింది.

2021లో పాత ప్రశ్న కొత్త రూపంలో భిలాయి గడప తొక్కింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌కు ఆ ఏడాది జనవరి 3న అత్యవసర వినియోగానుమతి లభించింది. మూడవ దశ పరీక్షల ఫలితాలు వెలువడనందున దానిని పంపవద్దని ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్యమంత్రి కేంద్రాన్ని కోరారు. అనుమతి పొందిన మందు సురక్షితమైనదేనని కేంద్రం బదులిచ్చింది. మార్చి 3న తొలి ఫలితాలు ప్రకటితమయ్యాయి. ఏప్రిల్ వచ్చేసరికి దుర్గ్ జిల్లాలో వ్యాధి విజృంభించి లాక్‌డౌన్ విధించవలసి వచ్చింది. భిలాయి కర్మాగారం ప్రాణవాయువును ఇతర రాష్ట్రాలకు సైతం పంపింది. సందేహించిన రాష్ట్రంలోనే కోవాక్సిన్ తరువాత వినియోగంలోకి వచ్చింది.

ఈ రెండు శతాబ్దాల చరిత్రను విజ్ఞానానికీ అజ్ఞానానికీ మధ్య జరిగిన పోరుగా మాత్రమే చూడడం సమంజసం కాదు. బిడ్డ పొక్కును చిదమవద్దన్న తల్లి, రాజాజీ, హో గిరిజన పెద్ద, ఒక రాష్ట్ర ఆరోగ్యశాఖ - వీరి కారణాలు వేర్వేరు. దూడల నుండి తీసిన మందు ఆ తల్లి అభ్యంతరాన్ని తీర్చింది. చెంగల్పట్టు పరిశీలన రాజాజీ ప్రశ్నకు కొంత బదులిచ్చింది. పరీక్షా ఫలితాలు ఆరోగ్యశాఖ అడిగిన ఆధారాన్ని చూపాయి. హో పెద్దకు మాత్రం సమాధానం అందలేదు, సూది మాత్రమే అందింది. టీకా దేహానికి రక్షణ ఇస్తుంది; ఆ టీకాకు రక్షణ ప్రజావిశ్వాసమే. దానిని చట్టంతో సంపాదించడం దుర్లభం, సమాధానంతో సంపాదించడం సాధ్యం.