చిన్న పాత్రలో సూర్యాగ్ని

దొరవారిసత్రమునకు తూర్పుగా పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట, ఆపైన సముద్రము. ఆ సముద్రజలము వేయి లీటర్లు తీసికొన్నచో అందు సుమారు 33 గ్రాముల భార ఉదజని యుండును. సూర్యగర్భమున జరుగు కేంద్రక సంలీనమును భూమిపై జరిపింప గలిగినచో ఇదియే ఇంధనము. (దీనికి తోడుగా ట్రిటియమును కావలెను, దానిని లిథియమునుండి పుట్టింపవలెను.) 1955లో జెనీవా సభాధ్యక్షుడు హోమీ భాభా, ఇరువది యేండ్లలో ఈ శక్తి మానవునకు వశమగునని పలికెను. అట్టి ఇరువదులు మూడు గడచినవి.

చిక్కెక్కడనగా, పదికోట్ల డిగ్రీల వేడిని ఏ లోహపాత్రయు నోర్వజాలదు. ప్లాస్మా అను ఆ విద్యుద్వాయువును అయస్కాంత క్షేత్రమను వలలో పట్టి నిలుపవలెను. 1950 ప్రాంతమున రష్యాలో టామ్, సఖరోవ్‌లు ఊహించిన టోకమాక్ అట్టి వల. 1968లో మాస్కో శాస్త్రజ్ఞులు తమ యంత్రమున దాదాపు కోటి డిగ్రీలు సాధించితిమనగా పశ్చిమ దేశములవారు సందేహించిరి. మరుసటి యేడు ఇంగ్లండునందలి కల్హామ్ ప్రయోగశాలవారు లేజరు పరికరములతో మాస్కోకు పోయి, స్వయముగా కొలిచి, నిజమేనని తేల్చిరి. ప్రచ్ఛన్నయుద్ధపు దినములలో ఇది చిన్న సంగతి కాదు.

ఆ కల్హామ్‌లోనే పనిచేసిన ఆలన్ సైక్స్ అను ప్లాస్మా శాస్త్రజ్ఞుని గూర్చి మేము ముచ్చటింపదలచితిమి. ఆయన పట్టుకొన్న లెక్క పులికాటు జాలరికి తెలిసినదే: వలకు పెట్టిన ఖర్చెంత, పడిన చేప యెంత? ప్లాస్మా పీడనము అయస్కాంత పీడనములో ఎన్నవ వంతో దానిని బీటా యందురు. మామూలు టోకమాకులలో అది నూటికి కొద్ది పాళ్లు. ఎంత శ్రమించినను 13కు మించలేదు. 1983లో సైక్స్, ఆయన సహచరులు ఈ బీటాకుగల హద్దును గణించిరి. 1986లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌నుండి పెంగ్, స్ట్రిక్లర్ అనువారు, గారె ఆకారపు ప్లాస్మాకు నడిమి రంధ్రమును సన్నము చేసి, గింజ తీసిన ఆపిల్ పండువలె నుంచిన మేలని వాదించిరి. అట్లు చేసినచో క్షేత్రరేఖలు బలము హెచ్చుగానున్న లోపలి వైపుననే ఎక్కువ దూరము చుట్టుకొనును. ప్లాస్మా సులభముగా చెదరదు.

వాదమునకు ధనమిచ్చువారు అరుదు. కావున కల్హామ్‌వారు విడిభాగములను ఏరికూర్చి స్టార్ట్ అను చిన్న యంత్రమును కట్టి, 1991 జనవరిలో నడిపించిరి. దాని ప్లాస్మా వలయపు వ్యాసార్థము మూరెడుకంటె తక్కువ; ఫ్రాన్సులో, భారతదేశము కూడ భాగస్వామిగా నిర్మాణమగుచున్న ఈటర్‌లో అది 6.2 మీటర్లు! వేడిచేయు కణపుంజ పరికరమును ఓక్ రిడ్జ్ ఎరువిచ్చెను. 1998లో మూతపడులోపల ఆ యంత్రము బీటాను నూటికి 40కి చేర్చెను. లెక్కలను మెచ్చనివారును ఈ అంకెను కాదనలేకపోయిరి. మరుసటి యేడు కల్హామ్‌లో మాస్ట్, అమెరికాలో ప్రిన్స్‌టన్‌నందు మరియొకటి, ఇట్టి పెద్ద యంత్రములు లేచినవి.

2009లో సైక్స్, గ్ర్యజ్నెవిచ్, కింగ్‌హామ్‌లతో కలసి ఒక సంస్థను స్థాపించెను; నేడది టోకమాక్ ఎనర్జీ. దాని యంత్రము 2022లో పదికోట్ల డిగ్రీలను అందుకొన్నది.

అయినను చిన్నదనమునకు వెల కలదు. సన్నని నడిమి స్తంభమున తీగచుట్టలకే చోటు చాలదు. సంలీనమున వెలువడు న్యూట్రానులనుండి వాటిని కాపాడు కవచమునకు చోటెక్కడిది? తక్కువ స్థలమున బలమైన క్షేత్రమునిచ్చు నూతన అతివాహక తీగలపై ఆ శాస్త్రజ్ఞులు ఆశ పెట్టుకొనియున్నారు. ఆ స్తంభము న్యూట్రానుల ధాటికి ఎన్నాళ్లు నిలుచునో పరీక్షించుట ఇంకను ముందున్న పని.